అడుగాకు చూడని యంత్రం

యంత్రం తప్పు చదివినందుకు మా కంపెనీ ఒక ఆడమనిషి మీద కల్తీ నేరం మోపింది. తప్పు యంత్రానిదని తెలిశాక యంత్రాన్ని దిద్దుకుంది, మిఠాయిలు పంచింది. ఆమె మీద మోపిన నేరాన్ని మాత్రం మోపినచోటే వదిలేసింది.

ముందు ఈ మాట రాసుకోకపోతే మిగతాది నాకు రాయబుద్ధి కాదు. ఉద్యోగ జ్ఞాపకాలంటే చాలామంది చేరిన రోజుతో మొదలుపెట్టి, మెడలో దండ పడిన రోజుతో ముగిస్తారు. నాకు దండ వేసినవాళ్లలో ఈ నేరం మోపినవాళ్లు కూడా ఉన్నారు. ఆ దండను మంథని బస్టాండులో ఒక మేకకు పెట్టి ఇంటికి వచ్చాను. మేక ఇష్టంగానే తిన్నది.

పేర్లు రాయడం లేదు. భయపడి కాదు, ఈ వయసులో నన్ను ఎవరేం చేస్తారు? పేరు రాస్తే ఆ ఒక్కడిదే తప్పన్నట్టు మిగతావాళ్లంతా చేతులు దులుపుకుంటారు. ఆ అవకాశం నేనివ్వను.

నేను పనిచేసింది మంథని అవతల, గోదావరి ఒడ్డున ఉన్న ఒక పొగాకు గోదాములో. నమిలే పొగాకు తయారుచేసే కంపెనీ. ఫ్యాక్టరీ వేరే రాష్ట్రంలో ఉండేది. ఇటు కరీంనగర్ ఒడ్డున, అటు చెన్నూరు వైపు ఆదిలాబాద్ ఒడ్డున పండిన ఆకును కొని అక్కడికి పంపడం మా పని. ఇప్పుడు జిల్లాలు ముక్కలై పేర్లు మారాయి కానీ నా నోటికి పాతవే వస్తాయి, సర్దుకోండి.

మా బాపు బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేశాడు. కొడుకును బాయిలోకి దింపనని ఆయన పంతం. పైచదువు చెప్పించే తాహతు లేదు. ఏడో తరగతితో నా బడి ఆగింది. తర్వాతి చదువంతా నేను దొరకబుచ్చుకున్నదే. పాత పేపర్ల దుకాణంలో కొన్న ఇంగ్లీషు డిక్షనరీ, మందుసీసాల వెంట వచ్చే సన్నక్షరాల కాగితాలు, మిషన్లతో పాటు వచ్చి ఎవరూ తెరవని లావుపాటి పుస్తకాలు, ఇవీ నా పాఠాలు. అలా చదువుకున్నవాడికి కోపం ఎక్కువ ఉంటుందని మా మేనేజరు అనేవాడు. ఉంటుంది. ఒక్కో మాట అర్థం చేసుకోవడానికి అంత కష్టపడ్డవాడికి, అర్థం తెలిసీ తెలియనట్టు ఉండేవాళ్లను చూస్తే ఒళ్లు మండదా?

గోదాములో నాది శాంపిళ్ల గది. వచ్చిన ప్రతి మోపులోంచి ఇన్ని ఆకులు తీయడం, చీటీ కట్టడం, పొడి పట్టించడానికి పంపడం. తెలంగాణ వచ్చిన కొత్తల్లో మా గది పక్కనే ఒక చిన్న గదికి ఏసీ బిగించారు. మాకోసం కాదు. యంత్రం కోసం.

యంత్రం గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే జరిగింది మీకు అందదు. పొగాకులో ఘాటు, మత్తు, మానలేని అలవాటు, అన్నిటికీ మూలం నికొటిన్. ఏ ఆకులో అది ఎంతుందో తెలిస్తే తప్ప ఫ్యాక్టరీలో సరుకు కలపలేరు. అంతకుముందు ఆ ఆకును ల్యాబులో నానా మందులు పోసి, మరిగించి, ఆవిరి పట్టి లెక్క తేల్చేవాళ్లు. ఆ లెక్క మాదాకా వచ్చేసరికి రైతు ఆకు అమ్ముకుని మిర్చి ఏరడానికి పోయేవాడు. కొనేటప్పుడు మాత్రం మా కొనుగోలు మనుషులు ఆకును అరచేతిలో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని ధర కట్టేవాళ్లు. ఆ ముక్కులు గొప్పవని ఇప్పటికీ కథలు చెబుతారు. నేను చూశాను కదా, రైతు పలుకుబడిని బట్టి వాటికి వాసన మారేది. అందుకే యంత్రం వస్తోందంటే అందరికంటే ముందు సంతోషించింది నేను.

అది ఎరుపు రంగుకు అవతల ఉండే, కంటికి ఆనని వెలుగును పొగాకు పొడి మీద వేస్తుంది. పొడి కొంత వెలుగును మింగి మిగతాది తిప్పికొడుతుంది. ఏది మింగిందో ఏది వదిలిందో చూసి, నికొటిన్ ఇంత అని యంత్రం అంకె చెబుతుంది. చాయ్ చల్లారేలోపు పని అయిపోతుంది. ఒక్కటే షరతు, దానికి ముందుగా నేర్పాలి. ల్యాబులో పాతపద్ధతిలో లెక్క తేల్చిన ఆకులు తెచ్చి, ఇది ఇంత, ఇది ఇంత అని చూపించాలి. ఏ రకాలు చూపిస్తామో ఆ రకాలే దానికి లోకం.

నేర్పేవాడు హన్మకొండలో చదువుకుని కొత్తగా చేరిన ఆఫీసరు. మంచి పిల్లవాడు. ఎవరు గట్టిగా మాట్లాడినా అవునండీ అనేవాడు. మేనేజరు పొగాకు బాగా పండే కోస్తా జిల్లా నుంచి వచ్చాడు. పని తెలిసినవాడే, అది కాదనను. ఆయనకు రానిదల్లా 'నాకు తెలియదు' అనడం.

ఇక ఆమె. శాంపిళ్ల గదిలో గ్రైండర్ మీద పొడి పట్టేది. పుట్టింది చెన్నూరు ఒడ్డున, అత్తగారిల్లు మంథని దగ్గర. కాంట్రాక్టరు కింద రోజుకూలీ. నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాణ్ని. గ్రైండర్ మోతను మించి వినిపించేది ఆమె గొంతు. యంత్రానికి ఆమె పెట్టిన పేరు అల్లుడు.

"గీ అల్లునికి సల్లగాలి గావాలె, మెత్తటి పొడి గావాలె, దుమ్ము పడొద్దు, ఎవరు ముట్టద్దు. ఇంత జేత్తే ఒక్క అంకె చెప్తడు, మల్ల మూతి ముడుసుకుంటడు. కట్నం ఎంత పెట్టిండ్రన్నా మనోళ్లు?" అని అడిగేది. ఆఫీసరు కుర్రవాడు ఏసీ గదిలోంచి విని నవ్వేవాడు.

నేర్పడానికి ఆకు సేకరించాలని ఆఫీసరు, నేను జీపులో వంతెన దాటి చెన్నూరు ఒడ్డుకు వెళ్లాం. మొదట ఆగింది ఆమె అన్న ఇంటి ముందే. తెలిసినవాళ్లయితే పని తేలికవుతుందని ఆమే చెప్పి పంపింది. మంచం వాల్చారు, దుప్పటి పరిచారు, చాయ్ వచ్చింది.

"అన్ని రకాల ఆకు కావాలె పెద్దనాయనా," అన్నాడు ఆఫీసరు. "పైఆకు, నడిమి ఆకు, అడుగాకు. మంచిది, చెడ్డది, అన్నీ."

అడుగాకు అంటే చెట్టు మొదట్లో నేలను అంటుకుని ఉండే ఆకు. వాన పడ్డప్పుడల్లా ఒడ్డు ఇసుక ఎగిరి దాని మీద పడుతుంది. ఘాటు తక్కువ, బరువు ఎక్కువ. ఎంత దులిపినా గరగరలాడుతూనే ఉంటుంది.

"చెడ్డది మాతాన లేదు సారూ," అన్నాడు వాళ్ల అన్న.

"అడుగాకు అయినా ఇంత ఇయ్యి."

"గా ఇసుకాకు మీ చేతుల పెడ్తమా? ఇంటికొచ్చినోళ్లకు నూకల బువ్వ పెట్టినట్టుంటది. మా చెల్లె మీతానే పనిచేత్తది. రేపు దాని మొకం ఏమైతది?"

"తినడానికి కాదు పెద్దనాయనా, మిషన్‌కు చూపించడానికి."

"మిషన్‌కైతేంది, మనిషికైతేంది? సూసేది మా ఇంటి ఆకునే గద!"

లోపలికి వెళ్లి, విత్తనానికి విడిచిన చెట్ల పక్కన ఏపుగా పెరిగిన ఆకు తెచ్చాడు. ఒక్కో ఆకును భుజం మీది తువ్వాలతో తుడిచి, చంటిపిల్లను అందించినట్టు రెండు చేతులతో ఆఫీసరు ఒళ్లో పెట్టాడు. ఆ కుర్రవాడు ఇంకేమనగలడు? జీపు ఎక్కాక, "ఇంత మర్యాద చేస్తే వద్దని ఎట్లంటం అన్నా?" అన్నాడు.

మాకంటే ముందే మాట ఊరంతా పాకింది. ప్రతి ఇంట్లోనూ అదే మంచం, అదే చాయ్, అదే తువ్వాల. ఒకరిని మించి ఒకరు. ఏరి, తుడిచి, మెరిపించి ఇచ్చారు. నువ్వు అభ్యంతరం చెప్పలేదా అని అడుగుతారేమో. గోనెసంచి పట్టుకుని నిలబడ్డవాణ్ని నేను. నేర్పవలసినవాడు ఆయన. ఇందులో నాకు ఒప్పుకోవలసిన తప్పేమీ లేదు, ఒప్పుకోవడానికి ఇది రాయడమూ లేదు. మర్యాద చేసినవాళ్ల తప్పు అంతకన్నా లేదు. అడుగాకు లేకుండా జీపు తిరిగివచ్చిందన్నది మాత్రం జరిగిన సంగతి.

ఆ మేలైన ఆకంతా ల్యాబుకు పోయింది, లెక్కలు వచ్చాయి, యంత్రానికి నేర్పారు. చూపించిన ఆకులన్నీ యంత్రం పొల్లుపోకుండా చదివింది. మేనేజరు ఫోటో దిగాడు.

కొనుగోలు మొదలైంది. ఆ ఏడు పంట చివర్లో అకాలవానలు పడి పైఆకు మచ్చలు తేలింది. మోపుల్లో అడుగాకు మామూలుకన్నా ఎక్కువ వచ్చింది. మొదటి రోజుల్లో ఏసీ గదిలోంచి మాటిమాటికీ కీచుమని చప్పుడు వినిపించేది. "అల్లుడు అలిగిండు," అనేది ఆమె. తర్వాత ఆ చప్పుడు ఆగిపోయింది. అలవాటు పడిందనుకున్నాం. అంకెలు చకచకా వస్తున్నాయి. బయట ట్రాక్టర్లు వరుస కట్టి ఉన్నాయి, అందరికీ తొందరే.

విచిత్రమేమంటే అడుగాకుకు కూడా పైఆకు అంకెలే వచ్చాయి. ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు కానీ నోరెత్తలేదు. ఎవరు ఎత్తుతారు? పాత కొనుగోలు మనిషి ఒకడు ఆకు నలిపి చూసి, ఇదేదో తేడాగా ఉంది సార్ అన్నాడు. మేనేజరు మా అందరి ముందే అతన్ని కడిగేశాడు.

"అంకె వచ్చాక నీ ముక్కెందుకయ్యా? ఆ ముక్కుల పీడ వదిలించుకోవడానికే కదా ఇంత పెట్టి మిషన్ తెచ్చింది?"

నిజం చెప్పాలంటే ఆ మాటకు నేను కూడా లోలోపల సంతోషించాను.

సరుకు ఫ్యాక్టరీకి చేరింది. అక్కడ పాతపద్ధతిలో లెక్క తీస్తే మేం పంపిన మొదటిరకం ఆకులో సగానికి పైగా చప్పిడి ఆకని తేలింది. లారీలు వెనక్కి వచ్చాయి. వాటి వెనకే ఫ్యాక్టరీ నుంచి ఒక పెద్ద ఆఫీసరు వచ్చాడు.

ఆ రోజు నాకు ఇప్పటికీ ఎదురుగా కనిపిస్తుంది. శాంపిళ్ల గదిలో మమ్మల్ని వరుసగా నిలబెట్టారు. మేనేజరు చేతిలో రెండు చీటీలు, ఒకటి మా అంకెలది, ఒకటి ఫ్యాక్టరీ అంకెలది. ఫ్యాక్టరీలో అంకె ఎందుకు తగ్గిందన్నది కాదు ప్రశ్న, మా దగ్గర ఎందుకు పెరిగిందన్నది ప్రశ్న. యంత్రం తప్పు చదవదు, అది ముందే తేల్చేసుకున్నారు. ఖరీదైన వస్తువు తప్పు చెయ్యదని వాళ్ల లెక్క. అయితే యంత్రంలోకి పోయిన పొడిలోనే ఏదో కలిసిందన్నమాట. పొడి పట్టేది ఎవరు?

"ఏమ్మా, నీ నడుముకున్నదేమిటి?"

"తంబాకు డబ్బీ సారూ."

"తీయి."

ఆమెకు ఇంకా విషయం అర్థం కాలేదు. నవ్వుతూనే తీసింది. "జరంత పెట్టుకుంటరా ఏంది? సున్నం గూడ ఉన్నది."

పెద్ద ఆఫీసరు మూత తీసి వాసన చూసి తుమ్మాడు. "చాలా ఘాటుగా ఉంది. ఎక్కడిదిది?"

"మా అన్న తోటది. మా తల్లిగారింటికి పోయినప్పుడల్లా తెచ్చుకుంట."

మేనేజరు, పెద్ద ఆఫీసరు ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె అన్న మనకు ఆకు అమ్ముతాడు. ఆ అన్న ఆకుకు ధర రావాలని కలపడానికి ఆమె దగ్గర ఘాటైన పొగాకు ఉంది. ఇంకేం కావాలి? పొగాకు గోదాములో, పొగాకు పొడి పట్టే మనిషి దగ్గర పొగాకు దొరికిందట! అదీ సాక్ష్యం. గోదావరిలో నీళ్లు దొరికినట్టు సంబరపడ్డారు.

అప్పుడు నేను నోరు తెరిచాను. "సార్, ఆమెను బయట నిలబెట్టండి. అదే ఆకును వేరేవాళ్లతో పొడి పట్టించి చూడండి."

ఆఫీసరు కుర్రవాడు తానే పడతానని ముందుకొచ్చాడు. ఆమెను గుమ్మం బయటికి పంపారు. ఒక అడుగాకు శాంపిల్ తీసి, స్వయంగా పొడి పట్టి, యంత్రంలో పెట్టాడు. మళ్లీ అదే పెద్ద అంకె. నేను ఊపిరి పీల్చుకున్నాను. చూశారా సార్, ఆమె చెయ్యి తగలకుండా కూడా అంతే వచ్చింది అన్నాను.

మేనేజరు గ్రైండర్ వైపు తిరిగాడు.

"అయితే గ్రైండర్‌లోనే పూసి పెట్టిందన్నమాట."

"కడిగి చూద్దాం సార్."

"కడిగితే సాక్ష్యం పోదూ?"

ఈ మాట నేను కల్పించింది కాదు. అక్షరాలా ఇదే అన్నాడు. సాక్ష్యం పోతుందని గ్రైండర్‌ను కడగలేదు. బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ గ్రైండర్ నా ఉద్యోగం అయిపోయేదాకా ఆ బీరువాలోనే ఉంది. దాన్ని ఎవరూ పరీక్షించనూ లేదు, పారెయ్యనూ లేదు.

గుమ్మం బయట ఆమె గొంతు ఆ పూట మొదటిసారి తగ్గింది. "అన్నా, ఏమంటున్రు? నేను కలిపిన్నంటున్రా? గా పొడిల ఏం కలుపుతరే? కలిపితే నాకేం వస్తది?" నేను జవాబు చెప్పేలోపు కాంట్రాక్టరు మనిషి వచ్చి, రేపటి నుంచి రావద్దన్నాడు. ఆమె డబ్బీ అడిగింది. అదీ సాక్ష్యమే, ఇవ్వలేదు.

సరే, పని పోయింది, ఇంకో పని దొరుకుతుంది అనుకోవచ్చు. అంతటితో ఆగలేదు. ఆ ఒడ్డు ఆకు ఇక కొనం అని కంపెనీ ఏజెంటు వాళ్ల తల్లిగారి ఊళ్లో చెప్పి వచ్చాడు. ఎందుకని అడిగితే, "మీ ఊరి ఆడబిడ్డనే అడుగుండ్రి, పొడి కలిపి మీ పేరు ఖరాబ్ చేసింది," అన్నాడట. ఊరి ఆకు ఇళ్లలోనే ఉండిపోయింది. ఏరి, తుడిచి, రెండు చేతులతో అందించిన ఆ అన్న ఇంట్లో కూడా.

జరిగింది చెప్పుకోవడానికి ఆమె తల్లిగారింటికి వెళ్లింది. అన్న వాకిట్లోనే ఆపాడు. "కంపెనోళ్లు నువ్వు కలుపలేదని కాయితం మీద రాసిత్తెనే నా గడప తొక్కు," అన్నాడు. తిరిగి వచ్చి నాతో చెప్పింది. "నాకు పనొద్దన్నా, ఏమొద్దు. గా ఒక్క కాయితం ఇప్పియ్యి. మా వదినె నన్ను చూసి తలుపు దగ్గరికేసిందే."

ఇప్పిస్తానన్నాను. అంత చిన్న పనికి ఎంత కాలం పడుతుందిలే అనుకున్నాను.

కొత్త గ్రైండర్ కొన్నారు. కొత్త మనిషిని పెట్టారు, నిజామాబాద్ నుంచి తెచ్చారు, ఈ ఒడ్డుతో ఏ సంబంధమూ లేనివాడు. అడుగాకు పెడితే మళ్లీ అదే అంకె. ఈసారి ఎవరి నడుము వెతకాలో తెలియక ఊరుకున్నారు. ఆఫీసరు కుర్రవాడికి మాత్రం నిద్ర పట్టలేదనుకుంటాను. సొంతంగా అడుగాకు ఏరి, ల్యాబుకు పంపి, లెక్క తెప్పించుకున్నాడు. వాటిని యంత్రానికి చూపించాడు. తర్వాతి పంటకు యంత్రం అడుగాకును అడుగాకుగానే చదివింది.

ఒకరోజు చాయ్ దగ్గర నాతో అన్నాడు, "అన్నా, మిషన్ మొదటి నుంచే చెప్తుండె. కీచుమనేది చూడు, అదే. 'ఈ పొడి నాకు నేర్పినవాటి లెక్క లేదు, నా అంకె నమ్మొద్దు' అని. బయట ట్రాక్టర్లు ఆగుతున్నయని మేనేజర్ సార్ పరేషాన్ చేసిండు. నేనే ఆ హెచ్చరిక బంద్ పెట్టిన."

విన్నారా? తెలియదని చెప్పడం వచ్చింది ఆ గోదాము మొత్తంలో ఆ ఒక్క యంత్రానికే. దాని నోరు కూడా మూశారు.

"మరి ఆమె సంగతి సార్?" అన్నాను.

"నేనేం చెయ్యను అన్నా? నా ప్రొబేషన్ ఇంక అయిపోలే." కప్పు సగంలో వదిలేసి వెళ్లాడు. ఆ పిల్లవాడి మీద నాకు పగ లేదు. కానీ ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న మీరు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ప్రొబేషన్ అయిపోయాక ప్రమోషన్ ఉంటుంది, ప్రమోషన్ అయ్యాక రిటైర్మెంట్ ఉంటుంది. నోరు తెరవడానికి అనువైన రోజు ఉద్యోగంలో ఎప్పటికీ రాదు.

యంత్రం బాగుపడినందుకు గోదాములో అందరికీ జిలేబీ పంచారు. నేను మేనేజరు గదిలోకి వెళ్లి నా పొట్లం ఆయన బల్ల మీద పెట్టాను.

"సార్, తప్పు యంత్రానిదని తేలింది. ఆమె కలపలేదని ఒక్క ముక్క రాసివ్వండి."

"అది వేరే ఫైలయ్యా. మూసేశాం. మూసిన ఫైలు తెరవాలంటే కారణం కావాలి."

"కారణం ఉంది కదా సార్. యంత్రం తప్పు చదివింది."

"యంత్రం ఇప్పుడు సరిగ్గానే చదువుతోంది కదా? ఇంకేమిటి తప్పు?"

చెప్పండి, ఈ మాటకు మీరైతే ఏమంటారు? నేను బల్ల మీది పొట్లం కూడా తీసుకోకుండా బయటికి వచ్చాను.

ఆనాటి నుంచి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. మొదట తెలుగులో రాశాను, అందినట్టు కూడా చెప్పలేదు. తర్వాత నా డిక్షనరీ ఇంగ్లీషులో రాశాను. హెడ్డాఫీసుకు, ఫ్యాక్టరీకి, లేబరు ఆఫీసుకు. ఒకసారి జవాబుగా దీపావళి శుభాకాంక్షల కార్డు వచ్చింది. ఇంకోసారి, మా ఏజెన్సీ తీసుకోవాలన్న మీ ఆసక్తికి ధన్యవాదాలు అంటూ దరఖాస్తు ఫారం పంపారు. మధ్యలో నేను రిటైరై బెల్లంపల్లికి వచ్చేశాను. నేను రిటైరై బెల్లంపల్లికి వచ్చేశాను. మా ఇంట్లో నన్ను వెక్కిరించేవాళ్లు, ఆ కంపెనీకి నీ అంత నమ్మకమైన ఉద్యోగి ఎవరూ లేరు, జీతం ఆపినా రాస్తూనే ఉన్నావని. మనవరాలు వచ్చి, తాతా, కాగితం ఎందుకు, మెయిల్ పెట్టు అని నేర్పింది. మెయిల్ కూడా పెట్టాను.

ఆమె బీడీలు చుట్టుకుంటూ అత్తగారి ఊళ్లోనే ఉంది. ఎప్పుడు కనిపించినా, "వచ్చిందా అన్నా?" అని అడిగేది. రాలే చెల్లె అనేవాణ్ని. కొన్నాళ్లకు అడగడం మానేసింది. దాంతో నాకు ఇంకా కోపం పెరిగింది.

చివరికి జవాబు వచ్చింది. ఈ ఎండాకాలంలోనే. ఇంగ్లీషులో వచ్చింది. కింద నేనే తెలుగు రాసి, కాగితం వచ్చిందని మాత్రం చెప్పి, ఆమెను వెంటపెట్టుకుని చెన్నూరు బస్సెక్కాను.

వాళ్ల అన్న ఇప్పుడు ముసలివాడయ్యాడు. కళ్లకు పొర వచ్చింది. వాకిట్లో కూర్చుని ఉన్నాడు. వెంట చెల్లెలు ఉందని తెలిసీ ఆమె వైపు తల తిప్పలేదు. "కాయితం తెచ్చినవా? చదువు," అని నాతో అన్నాడు. చదివాను. మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను.

"అంటే మా చెల్లె ఆడ పనిచెయ్యనే లేదంటున్రా?"

"అట్లనే రాసిండ్రు."

"మరి ఆడ లేని మనిషి ఎట్ల కలుపుతది?"

ఆయన తనలో తాను గొణుక్కున్నాడు. "గీ మాట గప్పుడే చెప్తే వాళ్ల సొమ్మేం పోయింది? నా చెల్లెను ఇన్నేండ్లు..." అని ఆగి, లోపలికి కేకేశాడు, "ఏయ్, బువ్వ వండు, ఆడబిడ్డ వచ్చింది."

ఆమె కదలలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తుందనుకున్నాను. ఆమె అగ్గి మీద గుగ్గిలమైంది.

"ఆడ లేనా? నేను ఆడ లేనా? గన్నేండ్లు పొడి పట్టి పట్టి నా పాణం పోయింది, ఇంక ముక్కుల ఘాటు పోలే, నేను ఆడ లేనేలేనా? ఎవడు రాసిండది?"

"ఊకో చెల్లె, కలుపలేదన్నట్టే గద," అన్నాడు అన్న. "లోపలికి రా, బువ్వ తిందాం."

"తింట. ఎందుకు తినను, నా తల్లిగారిల్లు. గని నేను ఆడ ఉన్న. కలుపలే. రెండు నిజమే. రెండు రాయమను."

చెప్పులు విడిచి గడప దాటింది. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెనకే వెళ్లాను. ఆ పూట ఆ ఇంట్లో అన్నం తిన్నాను, రుచిగానే ఉంది. వాళ్లిద్దరికీ ఆ కాగితం సరిపోయింది. నాకు సరిపోలేదు. ఆమె అడిగిన రెండు మాటలూ ఒక్కచోట రాయగలిగేవాడు అంత పెద్ద కంపెనీలో ఎవరూ దొరకలేదు. దొరికినవాడు రాసింది ఇదీ:

"అయ్యా, మీ వరుస ఉత్తరాలు అందినవి. మీరు పేర్కొన్న మహిళ ఏ కాలంలోనూ మా ఉద్యోగుల జాబితాలో లేరు. ఉద్యోగంలో లేని వ్యక్తిని తొలగించడం గానీ, ఆమెపై ఆరోపణ చేయడం గానీ సాధ్యం కాదు. కాబట్టి ఆమెపై మా సంస్థ ఎన్నడూ ఎలాంటి ఆరోపణ చేయలేదని ఇందుమూలంగా తెలియజేస్తున్నాము. మీరు ప్రస్తావించిన యంత్రం ప్రస్తుతం సంతృప్తికరంగా పనిచేయుచున్నది."